తిరుపతి, చిత్తూరు నుంచి ఆప్టిమైజేషన్ పరిశోధనలోకి వెళ్లాలంటే: మొదటి ప్రోగ్రామ్ నుంచి ఉద్యోగం దాకా

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ కోసం చూస్తున్న లెక్చరర్లు అందరూ అడిగేది ఒకటే: "సార్, కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్‌లో పీహెచ్‌డీ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్త అల్గారిథమ్ ఒకటి కనిపెట్టాలంట కదా?"

కనిపెట్టాల్సిన పని లేదు. ఏదో ఒక జంతువునో పక్షినో చూసి పేరు పెట్టిన అల్గారిథమ్‌లు ఇప్పటికే వందల్లో ఉన్నాయి. వాటిలో చాలా వాటి సమీకరణాలు విప్పి చూస్తే పాతవే బయటపడతాయి. ఈ రంగంలో నిలదొక్కుకునేవాళ్లకు ఉండాల్సిన పని వేరు. రెండు పద్ధతుల్ని న్యాయంగా పోల్చడం రావాలి. వచ్చిన ఫలితాన్ని ఇంకొకరు తమ కంప్యూటర్‌లో మళ్లీ రాబట్టుకునేలా రాయడం రావాలి. అందుకే అడ్మిషన్ల కన్నా ప్రయోగం ఎలా చేయాలి, ఎలా సరిచూసుకోవాలి అన్నదానికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను. అది చేతనైతే గైడ్ దొరకడం, సీటు రావడం, పేపర్ అచ్చవడం అన్నీ తేలికవుతాయి.

రంగం సంగతి క్లుప్తంగా: న్యూరల్ నెట్‌వర్కులు, ఫజ్జీ సిస్టమ్స్, ఎవల్యూషనరీ కంప్యుటేషన్ అనే మూడు పాయల్నీ కలిపి కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్ అంటారు. ఇక్కడ మనం ఎక్కువగా మాట్లాడేది మూడో పాయ గురించి, దాన్ని ఆప్టిమైజేషన్‌కు, అంటే సాధ్యమైన జవాబుల్లో అన్నిటికన్నా మేలైనదాన్ని వెతకడానికి వాడతారు. ఫజ్జీ సెట్ల మీద జాడే పేపర్ 1965లో, జెనెటిక్ అల్గారిథమ్‌ల మీద హాలండ్ పుస్తకం 1975లో, చీమల పద్ధతి మీద డోరిగో థీసిస్ 1992లో, పార్టికల్ స్వార్మ్ మీద కెన్నెడీ, ఎబర్‌హార్ట్‌ల పేపర్ 1995లో వచ్చాయి. ఒకేసారి రెండు మూడు లక్ష్యాలు సాధించాల్సిన సమస్యలకు ప్రపంచమంతా వాడే ఎన్ఎస్‌జీఏ-2 పద్ధతి ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్మయ్ దేబ్ బృందం చేసింది. ఆ పేపర్ 2002లో అచ్చయింది. ఇంతకు మించి చరిత్ర ఇప్పుడు అవసరం లేదు.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేయొద్దు. మొదటి రెండేళ్ల పనికి అది అక్కర్లేదు. ఎప్పుడైనా కావలసివస్తే గూగుల్ కోల్యాబ్ ఉచితంగా ఇచ్చేది సరిపోతుంది.
- పైథాన్ భాష, అందులో లెక్కలకు నంపై, సైపై లైబ్రరీలు. కొంచెం చేయి తిరిగాక ఆప్టిమైజేషన్ లైబ్రరీ పైమూ. కాలేజీలో మ్యాట్‌ల్యాబ్ అలవాటై ఉంటే ఉచితంగా దొరికే ఆక్టేవ్‌తోనూ నడిపించవచ్చు.
- లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, లీనియర్ ప్రోగ్రామింగ్. ఎమ్మెస్సీ వాళ్లకు ఇవి వచ్చే ఉంటాయి. బీటెక్ వాళ్లకు సాధారణంగా మూడోది రాదు. ఎన్‌పీటెల్‌లో ఆప్టిమైజేషన్ కోర్సు ఒకటి చివరిదాకా, అసైన్‌మెంట్లతో సహా చేయండి.
- పేపర్లు చదువుకునే దారి. ప్రభుత్వ విద్యాసంస్థల కోసం కేంద్రం 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' నడుపుతోంది. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట్ల చదివేవాళ్లు లైబ్రరీలో అడిగి లాగిన్ తీసుకోండి. ప్రైవేటు కాలేజీ వాళ్లు పేపర్ పేరును ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత పేపర్ల సైట్‌లో వెతకండి; అక్కడ లేకపోతే రచయితకే మర్యాదగా రెండు వాక్యాల మెయిల్ పెట్టండి, చాలామంది పంపిస్తారు.
- కోడ్ ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి గిట్‌హబ్ ఖాతా, ఒక నోటుపుస్తకం. ఏ రోజు ఏ సెట్టింగ్‌తో ఏం నడిపారో తేదీ వేసి రాసుకోవడానికి.

అడుగు 1. పాత అల్గారిథమ్ ఒకటి మీ చేత్తో రాయండి

లైబ్రరీలోంచి పిలవకండి, ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ అతికించకండి. స్టార్న్, ప్రైస్‌ల డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌తో మొదలుపెట్టండి. వాళ్ల పేపర్ 1997లో వచ్చింది, పద్ధతి చిన్నది, పైథాన్‌లో ముప్పై లైన్లకు మించదు. అయినా నేటికీ పోటీల్లో నిలబడే పద్ధతులకు మూలం అదే.

పని ఇలా సాగుతుంది. 50 వెక్టర్లతో ఒక గుంపు తీసుకోండి. అందులో ప్రతి వెక్టర్‌కూ గుంపులోంచే వేరే మూడింటిని ఎంచుకోండి. రెండో దాన్నుంచి మూడోది తీసేసి, ఆ తేడాను ఎఫ్ అనే సంఖ్యతో గుణించి మొదటి దానికి కలపండి. అలా వచ్చిన కొత్త వెక్టర్‌లోని అంశాల్ని సీఆర్ అనే సంభావ్యతతో పాతదానిలోకి చేర్చండి. ఫలితం మెరుగైతే, అంటే ఫంక్షన్ విలువ తగ్గితే, ఉంచండి, లేకపోతే పాతదే ఉంటుంది. ఎఫ్‌కు 0.5, సీఆర్‌కు 0.9 వేసి మొదలుపెట్టండి.

ఇక్కడ అందరూ చేసే తప్పులు నాలుగు. ఎంచుకున్న మూడు వెక్టర్లలో రెండు ఒకటే అయిపోవడం, లేదా వాటిలో ఒకటి మనం మార్చాలనుకున్న వెక్టరే అవడం. కనీసం ఒక్క అంశమైనా కొత్తదాన్నుంచి రావాలన్న నియమం మరిచిపోవడం. హద్దు దాటిన విలువల్ని పట్టించుకోకుండా వదిలేయడం. నాలుగోది పైథాన్‌లో కనిపించకుండా కొరికే పురుగు: నంపై వరుసను కాపీ చేయకుండా నేరుగా మార్చేస్తే, కొత్త వెక్టర్ బాగాలేదని తిప్పికొట్టినా పాతది అప్పటికే చెడిపోయి ఉంటుంది.

సరిచూసుకునే పద్ధతి: ప్రతి తరంలోనూ గుంపులోని అత్యుత్తమ విలువను ప్రింట్ చేయండి. అది ఎక్కడైనా పెరిగిందంటే ఆ నాలుగో తప్పు జరిగినట్టే. తర్వాత 10 చరరాశుల స్ఫియర్ ఫంక్షన్ మీద, అంటే వర్గాల మొత్తం మీద, ఫంక్షన్‌ను లక్ష సార్లు లెక్కించేదాకా నడపండి. విలువ 10 మైనస్ 8 ఘాతం కన్నా కిందికి దిగకపోతే కోడ్‌లో తప్పుంది. వెతికి సరిచేసేదాకా రెండో అడుగు వేయొద్దు.

కోడ్ సరిగ్గా ఉందని తేలాక అసలు పాఠం మొదలవుతుంది. అదే కోడ్‌ను రాస్ట్రిజిన్ ఫంక్షన్ మీద నడపండి. గుంతలు గుంతలుగా ఉండే ఫంక్షన్ ఇది, హద్దులు మైనస్ 5.12 నుంచి ప్లస్ 5.12. సీఆర్ 0.9తో అది ఎక్కడో పైనే ఆగిపోయి సతాయిస్తుంది. సీఆర్‌ను 0.1కి తగ్గించండి, హాయిగా సున్నాకు దిగుతుంది. చాలామంది ఇక్కడే ఆగి, "తక్కువ సీఆర్ మంచిది" అని రాసుకుంటారు. ఆగొద్దు. ఇన్‌పుట్ వెక్టర్‌ను ఒక యాదృచ్ఛిక ఆర్థోగోనల్ మాత్రికతో గుణించి, ఫంక్షన్‌ను తిప్పి మళ్లీ నడపండి. 0.1కి ఉన్న ఆధిక్యం ఎగిరిపోతుంది. ఎందుకంటే మామూలు రాస్ట్రిజిన్‌లో ప్రతి చరరాశినీ దేనికది విడిగా సరిచేసుకోవచ్చు. సీఆర్ తక్కువుంటే అల్గారిథమ్ చేసేది అదే. తిప్పగానే చరరాశులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఏ పద్ధతి ఏ సమస్య మీద ఎందుకు గెలిచిందో ఇలా తవ్వి తీయడమే ఈ వృత్తిలో రోజువారీ పని. ఈ ఒక్క ప్రయోగాన్ని పటాలతో రెండు పేజీల్లో రాసి గిట్‌హబ్‌లో పెట్టుకోండి. గైడ్‌కు రాసే మెయిల్‌లో పనికొస్తుంది.

అడుగు 2. పోల్చడం నేర్చుకోండి

ఎక్కువ పేపర్లు తిరిగొచ్చేది ఇక్కడే. అందుకే తొందరపడకుండా చదవండి.

*లెక్కింపులు సమానంగా ఉండాలి.* రెండు అల్గారిథమ్‌ల్నీ చెరో 1,000 ఇటరేషన్లు నడిపి పోల్చడం న్యాయం కాదు. ఉదాహరణకు టీచింగ్-లెర్నింగ్ పద్ధతిలో ఒక్కో ఇటరేషన్‌లో ప్రతి వెక్టర్‌కూ ఫంక్షన్‌ను రెండుసార్లు లెక్కించాలి. డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌లో ఒక్కసారే. అంటే మొదటిదానికి రెట్టింపు అవకాశం ఇచ్చినట్టు. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ ఒక కౌంటర్ పెంచండి, బడ్జెట్‌ను దాంతోనే కొలవండి. చరరాశుల సంఖ్యకు 10,000 రెట్లు అన్నది ఎవల్యూషనరీ కంప్యుటేషన్ మీద ఐఈఈఈ జరిపే సీఈసీ సదస్సు పోటీలు అలవాటు చేసిన లెక్క. అందరికీ తెలిసిన కొలత కాబట్టి మీరూ వాడుకోవచ్చు.

*ఒక్క రన్‌తో ఏమీ తేలదు.* కనీసం 30 సార్లు, వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే అంకెలతో) నడపండి. ఆ సీడ్‌లు రాసి ఉంచండి. సగటుతో పాటు మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్, అతి చెడ్డ ఫలితం కూడా పట్టికలో పెట్టండి. బాగా వచ్చిన రన్‌ను మాత్రమే పటంలో చూపించడం మోసం కిందికే వస్తుంది. తెలిసి చేసినా తెలియక చేసినా సమీక్షకుడికి తేడా ఉండదు.

*కేంద్రం పరీక్ష చేయండి.* పాఠ్యపుస్తకాల్లోని బెంచ్‌మార్క్ ఫంక్షన్లలో చాలావాటికి కనిష్ఠం సరిగ్గా మూలబిందువు దగ్గర, వెతికే హద్దులకు నడిమధ్యన ఉంటుంది. కొన్ని అల్గారిథమ్‌ల సమీకరణాలు తెలియకుండానే వెక్టర్లను మూలబిందువు వైపు లాగుతుంటాయి. అలాంటిది స్ఫియర్ మీద దశాంశ బిందువు తర్వాత వంద సున్నాలున్న ఫలితం చూపిస్తుంది, చూసినవాళ్లు అబ్బురపడతారు. దాని బండారం బయటపెట్టడానికి ఒక్క లైన్ చాలు: ఫంక్షన్‌కు పంపేముందు ఇన్‌పుట్‌లోంచి ఒక స్థిర వెక్టర్‌ను తీసేయండి. ఇప్పుడు కనిష్ఠం పక్కకు జరిగింది. నిజాయితీ గల అల్గారిథమ్‌కు దీనివల్ల పెద్ద తేడా రాదు. లాగుడు ఉన్నది మాత్రం కుప్పకూలుతుంది. మీరు పోలికకు తీసుకున్న ప్రతిదాన్నీ, మీ సొంతదాన్ని ముందుగా, ఈ పరీక్షకు పెట్టండి.

*పోటీదారుకూ ట్యూనింగ్ చేయండి.* మీ పద్ధతికి పారామీటర్లు వారం రోజులు సరిచేసుకుని, ఎదుటిదాన్ని డిఫాల్ట్ విలువలతో నడిపితే, మన ఎద్దుకు ఉలవలు పెట్టి పక్కవాడి ఎద్దును పస్తుంచి పందెం గెలిచినట్టే. రెండింటికీ ఒకే సమయం ఇవ్వండి, ఎంత ఇచ్చారో పేపర్‌లో రాయండి. పోలికకు పాతకాలపు మామూలు జెనెటిక్ అల్గారిథమ్‌ను మాత్రమే తీసుకోకండి. చరరాశులు నిరంతర విలువలైతే సీఎంఏ-ఈఎస్ అనే బలమైన ఎవల్యూషనరీ పద్ధతి తప్పనిసరిగా ఉండాలి.

*గణాంక పరీక్ష.* ఒకే ఫంక్షన్ మీద రెండు అల్గారిథమ్‌ల 30 చొప్పున స్వతంత్ర రన్‌లు పోల్చాలంటే విల్‌కాక్సన్ ర్యాంక్-సమ్ పరీక్ష. అనేక ఫంక్షన్ల మీద జతలుగా పోల్చాలంటే సైన్డ్-ర్యాంక్. ఈ రెండింటినీ కలగాపులగం చేసినవాళ్లే ఎక్కువ. అల్గారిథమ్‌లు చాలా ఉంటే ఫ్రీడ్‌మన్ పరీక్ష చేసి, తర్వాతి జత పోలికలకు హోమ్ (Holm) సవరణ వేయండి.

*కచ్చితమైన సాల్వర్ ముందు నిలబెట్టండి.* అత్యుత్తమ జవాబును రుజువుతో సహా తేల్చే సాఫ్ట్‌వేర్‌నే కచ్చితమైన సాల్వర్ అంటారు. దీంతో పోల్చడం చాలామంది వదిలేస్తారు. చీమల పద్ధతితో 52 నగరాల ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య (అన్ని చోట్లకూ ఒక్కోసారి వెళ్లి తిరిగొచ్చే అతి చిన్న దారి వెతకడం) చేశామని ప్రాజెక్టులు వస్తుంటాయి. ఈ రకం నమూనా సమస్యల సంకలనమైన టీఎస్‌పీలిబ్‌లోని బెర్లిన్52కు కనిష్ఠ దూరం 7542 అని ఎప్పటినుంచో తెలుసు, కచ్చితమైన సాల్వర్ దాన్ని కళ్లుమూసి తెరిచేలోగా తేలుస్తుంది. 85,900 బిందువుల సమస్యను కూడా కాంకార్డ్ సాల్వర్‌తో 2006లోనే కచ్చితంగా తేల్చారు. అందువల్ల మీ సమస్యను ముందు ఇంటిజర్ ప్రోగ్రామ్‌గా (చరరాశులు పూర్ణాంకాలుగా ఉండే లీనియర్ ప్రోగ్రామ్‌గా) రాసి హైగ్స్ (HiGHS), ఓఆర్-టూల్స్ అనే సాల్వర్లలో ఒకదానికి ఇవ్వండి, రెండూ ఉచితం. గురోబీ కూడా విద్యార్థులకు, అధ్యాపకులకు ఉచిత లైసెన్స్ ఇస్తుంది. సాల్వర్ నిమిషాల్లో తేల్చేస్తే, ఆ సమస్యకు మీ స్వార్మ్ అవసరమే లేదు. సాల్వర్ చేతులెత్తేసే పరిమాణం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టండి, మీ పరిశోధన అక్కడినుంచి.

"మా అల్గారిథమ్ అన్నిటికన్నా మేలు" అని మాత్రం ఎక్కడా రాయకండి. సాధ్యమైన సమస్యలన్నిటి మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ మరోదానికన్నా మెరుగు కాదని వోల్‌పర్ట్, మెక్రెడీ 1997లో నిరూపించారు. ఏ రకం సమస్యకు మేలో చెప్పండి, చాలు.

అడుగు 3. సమస్యను దగ్గర్లోంచి తెచ్చుకోండి

మన ప్రాంతంలో ఉన్నన్ని ఆప్టిమైజేషన్ సమస్యలు వేరేచోట వెతుక్కోవాలి. ఒకటి దగ్గరగా చూద్దాం.

తిరుమల కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. ఎక్కేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది మొదటిది. ఎక్కేటప్పుడు బ్యాటరీ వేగంగా ఖర్చవుతుంది, దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత తిరిగి చేరుతుంది. కిందికి వచ్చిన బస్సును వెంటనే ఛార్జర్‌కు తగిలించాలా, ఇంకో ట్రిప్పు వేయించాలా? ఛార్జర్లు బస్సులకన్నా తక్కువ. సెలవురోజుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు రద్దీ వేరు. దీన్ని కాగితం మీద పెట్టాలంటే మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. మీరు నిర్ణయించేది ఏమిటి? ఏ బస్సు ఏ పదిహేను నిమిషాల ముక్కలో ఏ ఛార్జర్ దగ్గర ఉండాలన్నది. దాటకూడనివి ఏమిటి? బ్యాటరీ ఒక మట్టానికి కిందికి పోకూడదు, ఒక ఛార్జర్‌కు ఒకసారి ఒకే బస్సు, ప్రకటించిన ట్రిప్పు తప్పకూడదు, డ్రైవర్ డ్యూటీ గంటలు మించకూడదు. తగ్గించాల్సింది ఏమిటి? కరెంటు ఖర్చా, ప్రయాణికులు ఎదురుచూసే సమయమా? రెండూ అయితే అది బహుళ లక్ష్యాల సమస్య, ఎన్ఎస్‌జీఏ-2 వైపు చూడాలి. ముందు 5 బస్సులు, 2 ఛార్జర్లతో బొమ్మ సమస్య చేసి సాల్వర్‌తో కచ్చితమైన జవాబు తీయండి. మీ పద్ధతి ఆ చిన్నదాని మీద అదే జవాబు ఇస్తోందా చూడండి. ఆ తర్వాతే పెద్దది.

చిత్తూరు వైపు వాళ్లకు తోతాపురి కాయ ఉంది. సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. ఏ తోట కాయ ఏ రోజు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలి, కోత ఎప్పుడు మొదలుపెడితే గేటు ముందు కాయ మెత్తబడకుండా ఉంటుంది అన్నది నికార్సైన షెడ్యూలింగ్ సమస్య. పల్లెల్లో పాల వ్యాను ఏ వరుసలో తిరగాలన్నది ఇంకొకటి.

డేటా కోసం వెళ్లేటప్పుడు కాలేజీ లెటర్‌హెడ్ మీద హెచ్‌ఓడీ సంతకంతో ఉత్తరం తీసుకెళ్లండి. ఏం కావాలో, దేనికి వాడతారో ఒక్క పేజీలో రాయండి. ఒట్టి చేతులతో వెళితే గేటు దాటరు. భక్తుల పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు ఉన్న డేటా ఎవరైనా ఇవ్వబోయినా తీసుకోకండి. అనుమతి దొరక్కపోతే ఆగిపోనక్కర్లేదు. వాహనాల దారుల సమస్యకు సాలమన్ 1987లో ఇచ్చిన 56 నమూనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటి మీద చేసి, స్థానిక పరిస్థితిని పోలిన కృత్రిమ డేటా తయారుచేసి, అది కృత్రిమమని స్పష్టంగా రాయండి. "మా పద్ధతిని అక్కడ అమలు చేశారు" అని అబద్ధం మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో మొదట పట్టుకునేది దాన్నే.

అడుగు 4. పరీక్ష రాయండి, చోటు ఎంచుకోండి

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. సీఎస్, మ్యాథ్స్‌తో పాటు 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా ఉంది. మ్యాథ్స్ వాళ్లకు సీఎస్ఐఆర్ నెట్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు యూజీసీ నెట్. వాటిలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. జేఆర్‌ఎఫ్ రాకుండా యూజీసీ నెట్‌లో పీహెచ్‌డీ అర్హత మాత్రమే వస్తే, అడ్మిషన్‌లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది, ఆ స్కోరు ఏడాదే పనికొస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ ప్రవేశాలకు ఏపీఆర్‌సెట్ ఉంది. ఏటా ఒకే నెలలో వస్తుందని నమ్ముకుని కూర్చోకండి, నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచండి.

ఇల్లు వదలకుండా చదవాలనుకునేవాళ్లకు ఏర్పేడు దగ్గర ఐఐటీ తిరుపతి, ఐసర్ ఉన్నాయి, రెండూ 2015లో మొదలైనవే. 1954 నాటి ఎస్వీ విశ్వవిద్యాలయం ఉంది. అమ్మాయిలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. ఇంటికి దగ్గరన్న ఒక్క కారణంతో మాత్రం ఎంచుకోవద్దు. ఈ సబ్జెక్టులో గత మూడేళ్లలో పేపర్లు రాసిన గైడ్ ఉన్న చోటికే వెళ్లండి, అది గువాహటి అయినా సరే.

ఆప్టిమైజేషన్ అంటే కంప్యూటర్ సైన్స్ శాఖలోనే వెతుకుతారు చాలామంది. మెకానికల్‌లో డిజైన్ ఆప్టిమైజేషన్, ఎలక్ట్రికల్‌లో లోడ్ పంపిణీ, సివిల్‌లో నీటి పైపుల నెట్‌వర్కులు, స్టాటిస్టిక్స్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ చేసేవాళ్లంతా ఇదే పని చేస్తారు. అర్హత సరిపోతుందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకుని ఆ తలుపులు కూడా తట్టండి.

ఉద్యోగం చేస్తున్న లెక్చరర్లకు పార్ట్‌టైమ్ దారి ఉంది. యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ కావాలి, పరిశోధనకు సమయం ఇస్తామని అందులో రాసి ఉండాలి. నోటిమాట నమ్మి చేరకండి, సెమిస్టర్ మధ్యలో కోర్సువర్క్ వస్తే ఇబ్బంది పడతారు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు.

అడుగు 5. గైడ్‌కు మెయిల్

"గౌరవనీయులైన సార్, మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది" అని మొదలై, నలభై మందికి ఒకేసారి వెళ్లే మెయిల్‌ను ఎవరూ చదవరు. అయిదారు వాక్యాలు చాలు, ఇంగ్లిష్‌లో. మీరెవరో ఒక వాక్యం. వాళ్ల పేపర్‌లో ఫలానా పట్టికలో మీకు అర్థంకాని లేదా మీరు మళ్లీ నడిపి చూసిన ఒక సంగతి రెండు వాక్యాల్లో. అడుగు 1లో చేసిన ప్రయోగానికి లింక్. వచ్చే అడ్మిషన్‌లో ఖాళీ ఉందా అన్న సూటి ప్రశ్న. రెండు వారాలకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేయండి.

చేరేముందు ఆ గైడ్ దగ్గర చదువుతున్నవాళ్లతో విడిగా మాట్లాడండి. ఎన్నేళ్లకు పూర్తవుతోంది, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, వారానికి ఒకసారైనా కలుస్తారా? పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో ఉంటాయి, రెండు తిరగేయండి. అన్ని థీసిస్‌లలోనూ అల్గారిథమ్ పేరు మారి పట్టికలు అవే కనిపిస్తే వేరే చోటు చూసుకోండి.

అడుగు 6. పేపర్

ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకుని రాయండి. జర్నళ్లలో ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ఎవల్యూషనరీ కంప్యుటేషన్, ఎంఐటీ ప్రెస్ వాళ్ల ఎవల్యూషనరీ కంప్యుటేషన్ పైవరసలో ఉంటాయి; స్వార్మ్ అండ్ ఎవల్యూషనరీ కంప్యుటేషన్, అప్లైడ్ సాఫ్ట్ కంప్యూటింగ్ తర్వాత చూడండి. సదస్సుల్లో గెక్కో, సీఈసీ, పీపీఎస్ఎన్, ఈఎంఓ. జులైలో జరిగే గెక్కోకు ఏడాది మొదట్లోనే పేపర్ పంపాలి, కాబట్టి ప్రయోగాలు దసరాకల్లా ముగియాలి.

డబ్బు కట్టాల్సిందే అనుకుని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. పెద్ద ప్రచురణకర్తల జర్నళ్లలో చాలావాటికి రెండు దారులుంటాయి. ఓపెన్ యాక్సెస్ బదులు సబ్‌స్క్రిప్షన్ ఎంచుకుంటే సాధారణంగా రచయిత రూపాయి కట్టక్కర్లేదు.

"స్కోపస్ పేపర్, పదిహేను రోజుల్లో యాక్సెప్టెన్స్, ఇంత రేటు" అని వాట్సాప్‌లో వచ్చేవాటి జోలికి వెళ్లొద్దు. సమీక్షలో మోసాలు బయటపడి హిందావీ అనే ప్రచురణ సంస్థ ఒక్క 2023లోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. పేరు పక్కన రిట్రాక్షన్ పడితే అది జీవితాంతం వెతుకులాటలో కనిపిస్తుంది. జర్నల్ వెబ్‌సైట్ అసలుదో నకిలీదో ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో, స్కోపస్ జాబితాలో రెండుచోట్లా చూసి తేల్చుకోండి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి "కేర్ లిస్ట్‌లో ఉంది" అన్న మాటకు ఇప్పుడు విలువ లేదు. థీసిస్‌లో పోలిక శాతం 10 దాటకూడదు. అయితే ఆ పరీక్ష మాటల్నే పట్టుకుంటుంది, ఇతరుల పట్టిక ఎత్తుకొస్తే సమీక్షకుడు పట్టుకుంటాడు.

పంపేముందు చివరి పరీక్ష: మీ కోడ్, సూచనల ఫైల్ ఒక స్నేహితుడికి ఇచ్చి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. రెండో పట్టికలోని ఒక వరుస అతని ల్యాప్‌టాప్ మీద వస్తే పంపించండి. రాకపోతే ఆ సూచనల ఫైలే ముందు సరిచేయండి.

సమీక్ష తిరిగొచ్చినప్పుడు రెండు రోజులు ముట్టుకోకండి. తర్వాత ప్రతి అభ్యంతరానికీ నంబరు వేసి జవాబు రాయండి. కొత్త ప్రయోగం అడిగితే చేయండి. తప్పు అడిగితే ఎందుకు తప్పో రుజువుతో, మర్యాదగా చెప్పండి.

అడుగు 7. పీహెచ్‌డీ తర్వాత

ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో గ్రేడ్-1 అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. మూల వేతనం 1,01,500 రూపాయలతో మొదలవుతుంది. అందుకే మధ్యలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. దేశంలో అయితే కేంద్రం పరిశోధన నిధుల సంస్థ ఏఎన్ఆర్‌ఎఫ్ ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, రెండేళ్లు, వయసు 35 లోపు. విదేశాలకైతే థీసిస్ ఇచ్చే ఏడాది ముందునుంచే సదస్సుల్లో కలిసినవాళ్లకు రాయాలి. విశ్వవిద్యాలయాల్లో యూజీసీ వేతనం 57,700 మూలంతో మొదలవుతుంది, అక్కడ నెట్ లేదా సెట్, లేదంటే యూజీసీ నిబంధనల ప్రకారం వచ్చిన పీహెచ్‌డీ అడుగుతారు. ఏది కావాలో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

దరఖాస్తుతో పాటు వచ్చే అయిదేళ్లలో ఏం చేస్తారో రెండు పేజీలు, మీ మూడు మంచి పేపర్లు, కోడ్ లింకులు ఉండాలి. ఇరవై పేపర్ల జాబితా కన్నా, మూడింటి గురించి అరగంట తడుముకోకుండా మాట్లాడగలగడం ఎక్కువ పనిచేస్తుంది. బోర్డు తప్పకుండా అడిగేవి రెండు: మీ పద్ధతి ఎక్కడ ఓడిపోతుంది, ఇక్కడ ఏ సబ్జెక్టులు చెప్పగలరు? మొదటిదానికి మీ సొంత పట్టికలోంచే ఓడిన వరుసలు చూపించి, కారణం చెప్పండి. రెండోదానికి ఆపరేషన్స్ రీసెర్చ్, అల్గారిథమ్‌లు, మెషిన్ లెర్నింగ్‌లలో రెండింటికి సిలబస్ రాసి పట్టుకెళ్లండి. డెమో క్లాసుకు సింప్లెక్స్ పద్ధతి తీసుకుని, రెండు చరరాశుల లెక్క ఒకటి బోర్డు మీద మొదటినుంచి చివరిదాకా చేసి చూపించండి. స్లైడ్లు అక్కర్లేదు.